సన్నటి కూత

తీగల మాస్టారు ఏనాడైనా తప్పు ఒప్పుకున్నట్టు ఆయన భార్యకు కూడా జ్ఞాపకం లేదు. తీగలంటే వీణ తీగలు కావు, కరెంటు తీగలు. బీరువా అంత సింథసైజర్ ముందు నిలబడి, మెడలో వేసుకున్న తీగల కట్టలోంచి ఒక్కోటీ తీసి రంధ్రాల్లో గుచ్చుతూ, అంతకు ముందు లోకంలో లేని శబ్దాలు పుట్టించేవారు. ఆ వాద్యాన్ని కచేరీ వేదిక ఎక్కించిన మొదటి మనిషి ఆయనే. మొదట్లో జనం మిక్సీ కచేరీ అని వెక్కిరించారు. నవ్విన నాపచేనే పండింది. ఇప్పుడు వాళ్ళే ముందు వరుస టిక్కెట్ల కోసం కొట్టుకుంటున్నారు.

ఇరవై రెండేళ్ళు ఆయన కచేరీలకు, హాల్లోకి వెళ్ళే శబ్దాన్ని సరిచేసే సౌండ్ బల్ల దగ్గర కూర్చున్నది సొంత బావమరిది. ఆర్నెల్ల క్రితం రిహార్సల్లో, బృందం అందరూ చూస్తుండగా, మాస్టారు అతన్ని దులిపేశారు.

"నా శబ్దానికి దుప్పటి కప్పుతున్నావు. తళుకంతా చచ్చిపోయింది. నీకు వయసైపోయిందిరా, ఇంటి దగ్గర కూర్చో."

బావమరిది ఏదో అనబోయి, అక్కడే ఉన్న అక్క మొహం చూసి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

అతని చోట్లో కూర్చున్న అమ్మాయికి ఇదే మొదటి పెద్ద కచేరీ. "నేను పంపింది పంపినట్టే హాల్లోకి వెళ్ళాలి. పై స్థాయి సన్నటి శబ్దాల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను," అని మాస్టారు ముందే చెప్పి పెట్టారు. పాపం, ఆ పిల్ల అక్షరాలా అలాగే చేసింది.

ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండా ఎనిమిది వందల మంది. మూడో అంశంలో తళుకు ఇంకా చాలలేదనిపించి మాస్టారు ఒక మర తిప్పారు. ఇంకొంచెం తిప్పారు. ముందు వరుసలో ఒకావిడ కణతలు నొక్కుకుంది. పక్కాయన చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. చూస్తుండగానే సగం హాలు చెవులు మూసుకుంది. శబ్దం ఎక్కువైందేమోనని మాస్టారు సింథసైజర్ మెట్ల మీంచి రెండు చేతులూ తీసేశారు. అంతా నిశ్శబ్దమైంది.

కానీ జనం చెవుల మీంచి చేతులు తీయలేదు. మాస్టారు శబ్దం కొలిచే మీటరు వైపు చూశారు. ముల్లు ఆ చివరకు వెళ్ళి వణుకుతోంది. తన చెవులు లేదంటున్న శబ్దం ఉందని ముల్లు చెబుతోంది. మూడో వరుసలో అక్క పక్కన, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన బావమరిది తల దించుకుని ఉన్నాడు.

దుప్పటి ఎవరి చెవుల మీద పడిందో మాస్టారికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ, ఆ మర పుట్టించే, మెట్లు వదిలినా ఆగని ఈ సన్నటి కూత జనాన్ని కొయ్యకుండా బల్ల దగ్గరే ఆపింది బావమరిది. తల కొట్టేసినట్టయింది ఆయనకు.

అక్కడ ఒక్క మాట ఒప్పుకుంటే పోయేది. ఒప్పుకునే మనిషయితే కదా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మాస్టారు చెయ్యెత్తి సౌండ్ బల్ల వైపు వేలు చూపించారు. ఎనిమిది వందల తలలు వెనక్కి తిరిగాయి. ఆ పిల్ల కంగారుగా ఏదో తగ్గించింది, ముల్లు కిందికి దిగింది. పెద్దాయనకి ఎంత అవమానమని జాలిపడి, జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఒంటికి కారం రాసినట్టున్నాయి.

విరామంలో ఆ అమ్మాయి మాస్టారు గదికి వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మీరు చెయ్యి వెయ్యొద్దన్నారని భయపడ్డాను సార్. వినపడుతూనే ఉంది, అయినా తగ్గించలేదు. నాదే పొరపాటు."

మాస్టారు నిజం చెప్పడానికే నోరు తెరిచారు. "ఇకనైనా జాగ్రత్తగా ఉండమ్మా," అన్న మాట బయటికి వచ్చింది. తన నోరంటే తనకే అసహ్యం వేసింది.

ఆమె వెళ్ళాక గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"నాలుగేళ్ళయింది బావా."

"చెప్పలేదేం?"

"మీకు చెప్పగలిగే వాళ్ళెవరు?" అని, "రెండో సగానికి నేను కూర్చుంటాలెండి," అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

అంతలో నిర్వాహకుడు హడావుడిగా వచ్చాడు. "ఆ అమ్మాయిని పంపించేశాం సార్. ఇక మా హాల్లో అడుగు పెట్టదు," అన్నాడు, శుభవార్త చెప్పినట్టు.

మాస్టారు ఠక్కున లేచారు. "ఒరేయ్, నువ్వు కూర్చోవద్దు. పరిగెత్తి ఆ పిల్లని వెనక్కి తీసుకురా," అని, తెర తీయించి, మైకు ముందుకు వెళ్ళారు.

"ఇందాకటి కూత నాది. నాకు సన్నటి శబ్దాలు వినపడవు. ఆ అమ్మాయి తప్పేం లేదు."

చెప్పేశాననుకున్నారు. గుండె బరువు దిగిందనుకున్నారు. వెనక వరుసల నుంచి ఎవరో మర్యాదగానే, "మైకు పనిచెయ్యట్లేదండీ, కొంచెం గట్టిగా చెప్పండి," అన్నారు. సౌండ్ బల్ల దగ్గర మనిషి లేడు మరి.

ఒకసారి చెప్పడానికే ప్రాణం పోయినంత పనైంది. మాస్టారు వేదిక అంచుకు వచ్చి గొంతు పెంచి మళ్ళీ చెప్పారు. బాల్కనీకి అదీ అందలేదు. హాలు వెనక తలుపు తెరుచుకుని ఆ పిల్ల, ఆ వెనకే ఆయాసపడుతూ బావమరిది లోపలికి వచ్చారు. మాస్టారు వాళ్ళకేసి చూస్తూ, గుండెల నిండా ఊపిరి పీల్చి, ఒక్కో మాటా విడదీసి మూడోసారి అరిచారు.

"చెవుడు నాకు. ఆ పిల్లకి కాదు. మా బావమరిదికీ కాదు."