సగం కథలో పిల్ల

పొద్దున్నే జీవరత్నం పొయ్యి రాజేసి, గంజి పొయ్యి మీద పెట్టి, కూతుర్ని లేపేది. "అమ్మాయ్, లెగు. పొద్దెక్కింది." దేవమణి ఒక్క పిలుపుకి లేచిన రోజంటూ లేదు. దుప్పటి ఇంకాస్త మొహం మీదికి లాక్కుని, "లేచాలేమ్మా" అని పడుకునే జవాబు చెప్పేది. పన్నెండేళ్ళ పిల్ల, ఆ పాటి బద్ధకం ఉంటుంది. దానికి ముందు పుట్టిన ఇద్దరూ పాకే వయసు రాకుండానే పోయారు. అందుకని ఆ బద్ధకపు మాట చెవిన పడితే జీవరత్నానికి కోపం రాకపోగా, ఆ పూటకి గండం గడిచినట్టుండేది.

నందిగామ దగ్గర, మునేరు అనే ఏటికి అవతలి ఒడ్డున ఉన్న చిన్న పల్లె అది. అందరూ కూలి చేసుకునేవాళ్ళే. జీవరత్నం మొగుడు జకరయ్య గరికపాడు దగ్గర రోడ్డు పనికి పోయి, పని లేనప్పుడు ఇంటికొచ్చేవాడు. ఆదివారం ఆదివారం నందిగామ నుంచి ప్రమీలారాణి టీచరమ్మ వచ్చేది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నల్ల గొడుగు ఊతంగా ఏరు దాటి, ప్రార్థన పాకలో పిల్లలకి బైబిలు కథలు చెప్పేది. ఆవిడ ఏ కథా ఒక్క పూటలో ముగించదు. సగం చెప్పి, సరిగ్గా గుండె జారే చోట ఆపి, గొడుగు చంకలో పెట్టుకుని "మిగతాది వచ్చే ఆదివారం" అంటూ లేచేది. కలుపుకీ కాయకోతకీ పిల్లల్ని చేలల్లోకి లాక్కుపోయే తల్లుల మీద ఆవిడకున్న ఆయుధం అదొక్కటే.

దానివల్ల పల్లెకి ఒక పని తగులుకుంది. కథ సగంలో ఆగితే కథలోని పిల్లలు పాపం ఎటుపోతారు? మిగతా సగం చెప్పేదాకా పల్లెలోనే ఉండేవాళ్ళు. ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకున్నారు. వంతు వచ్చిన ఇంట్లో ఆ వారం గంజిలో ఇంకో చెంబెడు నీళ్ళు పడేవి.

మోషే జమ్ముపెట్టెలో మునేటి మీద తేలుతూ వచ్చాడు. పక్కింటి బసవమ్మ అప్పుడు చంటిబిడ్డ తల్లి గనక ఒకవైపు తన బిడ్డకీ, ఒకవైపు వాడికీ పాలిచ్చింది. ఆ పెట్టెలో ఇప్పటికీ ఎండుమిరపకాయలు పోసుకుంటోంది. సమూయేలు ఉన్న వారం ఎవర్నీ గట్టిగా కేకేయడానికి లేకపోయింది. ఎవరు ఎవర్ని పిలిచినా "చిత్తం, వచ్చా" అని పరిగెత్తుకొచ్చి నిలబడేవాడు. దావీదు ఒడిసెల పట్టుకుని జొన్నచేలల్లో పిట్టల్ని తోలాడు, వచ్చిన కూలి గింజలు తెచ్చి అన్నం పెట్టిన ఇంట్లో పోశాడు.

ఇస్సాకు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కట్టెలమోపుతో వచ్చిన ఆ పిల్లాడు కత్తిపీట కనపడితే చాలు వణికేవాడు. అది చూడలేక ఒక పెద్దాయన, ఆదివారం దాకా ఆగడం దేనికని మిగతా కథ తనే చెప్పేశాడు. మంచి మనసుతోనే చెప్పాడు గానీ, తండ్రి కత్తి ఎత్తాక పిల్లాడికి బదులు బలికి దొరికిన పొట్టేలు సంగతి మర్చిపోయాడు. పిల్లాడు ఒక్క కేక పెట్టి మిరపతోటల మీదుగా పరిగెత్తాడు. మళ్ళీ కనపడలేదు. టీచరమ్మ వచ్చి పొట్టేలు గురించి ఎంత చెప్పినా వినడానికి వాడు లేడు. ఆవిడ పాకలో కూలబడి ఏడ్చి, తన కథ తను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని అందరి దగ్గరా మాట తీసుకుంది. రాజు చంపించిన బేత్లెహేము పసిపిల్లల కథైతే ఆ పల్లెలో ఎన్నడూ మొదలే పెట్టలేదు. క్రిస్మస్ దగ్గర పడితే తల్లులు ఆవిడ వేళ్ళవంకే చూసేవాళ్ళు. ఆవిడ ఆ పుట తిప్పేశాకే ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

ఆ ఏడు వానాకాలంలో ఆవిడ యాయీరు కూతురి కథ ఎత్తుకుంది. యాయీరు పెద్దమనిషి. ఒక్కగానొక్క కూతురు, పన్నెండేళ్ళది, జ్వరంతో చావుబతుకుల్లో ఉంది. తండ్రి పోయి యేసు కాళ్ళ మీద పడ్డాడు. ఆయన బయల్దేరాడు. దారినిండా జనం. ఎన్నేళ్ళుగానో జబ్బుతో ఉన్న ఒక మనిషి వెనకనుంచి ఆయన అంగీ అంచు తాకింది. తాకింది ఎవరని ఆయన ఆగిపోయాడు.

"అక్కడ పిల్లకి ఊపిరి అందడం లేదు. ఇక్కడ ఈయన ఆగిపోయాడు" అని టీచరమ్మ గొడుగు అందుకుంది. "మిగతాది వచ్చే ఆదివారం."

వంతు జీవరత్నానిది. ఇంటికి పోయేసరికి ఆ పిల్ల గడప మీద, ద్వారబంధానికి జారగిలబడి కూర్చుని ఉంది. నీలం అంచు దుప్పటి కప్పుకుంది. బుగ్గలు కందిపోయి ఉన్నాయి. దేవమణి ఎంత పొడుగో అంతే పొడుగు.

"నీ పేరేందమ్మా?" అంది జీవరత్నం.

పిల్ల కాసేపు ఆలోచించింది. "కథలో పెట్టలేదు పెద్దమ్మా."

నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. జీవరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. పోయిన ఇద్దరు పిల్లల నుదుళ్ళూ ఆ అరచేతికి ఇంకా గుర్తే. లోపలికి తీసుకుపోయి చాప వేసింది, కాళ్ళు తుడిచింది. చిక్కుపడిన జడ విప్పి దువ్వబోతే పిల్ల రెండు చేతులతోనూ జడ పట్టుకుంది.

"వద్దు. మా అమ్మ వేసింది."

దేవమణికి అక్కచెల్లెళ్ళు లేరు, ఇక సంబరానికి అంతు లేకపోయింది. నీళ్ళ తావుకి తీసుకుపోయింది, గవ్వలాట నేర్పింది, ఒకే చాప మీద ఒకే దుప్పట్లో పడుకుంది. జీవరత్నం ఇద్దరి మధ్యా ఇంకో చాప వేసేది. తెల్లారేసరికి ఆ చాప ఖాళీగా ఉండేది, ఇద్దరూ ఒకే చోట ముడుచుకుని ఉండేవాళ్ళు. కథలో పిల్లని పొమ్మనడానికి లేదు, కన్నపిల్లని వేరే ఇంట్లో పడుకోమంటే వినదు. జీవరత్నానికి అన్నం సయించడం మానేసింది.

వారం మధ్యలో ఒక పొద్దున "అమ్మాయ్, లెగు" అంటే జవాబు రాలేదు. దుప్పటి తీసి చూస్తే దేవమణి ఒళ్ళు కూడా కాలిపోతోంది.

బసవమ్మ మిరియాల కషాయం కాచి పట్టుకొచ్చింది. "ఊరుకో జీవరత్నం, ఆదివారం టీచరమ్మ వచ్చుద్ది. కథ ముగిసిద్ది. ఆ పిల్ల లేచి కూర్చుంటది."

"ఆ పిల్లకేం అక్కా? లేస్తదని పుస్తకంలో రాసుంది. నా పిల్ల సంగతి ఏ పుస్తకంలో రాసుంది?"

బసవమ్మ కషాయం గిన్నె కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

నందిగామ తీసుకుపోయి డాక్టరుకి చూపిద్దామంటే పైన ఎక్కడో కురిసిన వానలకి మునేరు నిండింది. ముందు మోకాలిలోతున్నది నడుం దాకా వచ్చింది, శనివారానికి ఒడ్డునున్న తుమ్మచెట్ల కొమ్మలు మాత్రమే పైకి కనపడుతున్నాయి. జకరయ్యకి కబురు పంపడానికి కూడా దారి లేదు. ఇద్దరు పిల్లలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒకే మూలుగు మూలుగుతూ పడి ఉన్నారు. జీవరత్నం తడిగుడ్డ ఒకసారి దీని నుదుటి మీదా, ఒకసారి దాని నుదుటి మీదా మార్చి మార్చి వేసింది. నిజం చెప్పాలంటే తన పిల్ల నుదుటి మీదే ఎక్కువసేపు ఉంచింది.

ఆదివారం పొద్దున పల్లె పల్లెంతా ఏటి ఒడ్డుకి పోయింది. అవతలి ఒడ్డున నల్ల గొడుగు కనపడింది. టీచరమ్మ వచ్చింది, దాటే వీలు లేదు. కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత గొడుగు కింద పడేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మిగతా కథ అక్కణ్ణుంచే అరిచి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ చేతులు ఊపడం, వంగడం, మెడ నరాలు తెగేలా అరవడం అందరికీ కనపడుతూనే ఉంది. ఏటి హోరులో ఒక్క మాట కూడా ఇవతలికి రాలేదు.

బసవమ్మ పరిగెత్తుకుంటూ జీవరత్నం ఇంటికొచ్చింది. అప్పటికే కథలో పిల్ల ఒళ్ళు చల్లబడి ఉంది. ఊపిరి లేదు. దేవమణికి ఉందో లేదో అన్నట్టుంది. ఇద్దరి చేతులూ అలాగే కలిసి ఉన్నాయి. వాకిట్లో ఆడవాళ్ళు గుండెలు బాదుకుని ఏడుపు ఎత్తుకున్నారు.

"కథలో ఆ చోటు వచ్చేసింది జీవరత్నం" అంది బసవమ్మ వగరుస్తూ. "ఇంటివాళ్ళు ఏడుస్తా ఉంటే ఆయన వస్తాడు. నువ్వు చిన్నప్పుడు మిషను ఆయాల దగ్గర విన్నావు గదా. పిల్ల నీ ఇంట్లో ఉంది, నువ్వే చెప్పాలి."

"నేనా? ఇస్సాకు సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలా. చెప్పకపోతే మాత్రం ఈ పిల్ల ఇట్టానే ఉండిపోద్ది. మీ దాని చెయ్యి చూడు, వదల్లా. తనతోపాటు తీసుకుపోద్ది."

జీవరత్నం తడిగుడ్డ పక్కన పెట్టింది. "నువ్వు పోయి కథ వినడానికి పిల్లల్ని పిలుచుకురా" అని బసవమ్మని పంపి తలుపు దగ్గరగా వేసింది.

ఇంట్లో తనూ, ఆ ఇద్దరూ. ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడు వచ్చిందో తనకే తెలియదు. కథలో పిలిచేది ఒక్క పిల్లనే. పేరు పెట్టి పిలవరు, దానికి పేరే లేదు గదా. ఆ చాప మీద, ఆ దుప్పటి కింద ఎవరుంటే వాళ్ళే లేస్తారు. జీవరత్నం నీలం అంచు దుప్పటి లాగి దేవమణికి కప్పింది. పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆ పిల్లని గోడవారకి జరిపింది. జరుపుతుంటే పిల్ల తల పక్కకి వాలింది, జడ వచ్చి జీవరత్నం చేతి మీద పడింది.

బిగించి వేసిన జడ. వారం రోజుల జ్వరానికి రేగిపోయింది గానీ ముడి ఊడలేదు. అది వేసిన చేతులు ఎక్కడో ఒక గడప దగ్గర, దారిలో ఆగిపోయిన ఆయన కోసం చూస్తూ ఉంటాయి. ఆమెకీ ఇదొక్కతే.

"నన్ను క్షమించు తల్లీ" అంది జీవరత్నం. ఏ తల్లిని అందో! పిల్లని మళ్ళీ మధ్యకి తెచ్చింది. దుప్పటి ఇద్దరికీ కప్పి, విడదీసిన వేళ్ళు తిరిగి కలిపింది. తలుపు తీసింది.

పిల్లలు వచ్చి వాకిట్లో బితుకు బితుకుమంటూ కూర్చున్నారు. జీవరత్నం గడపలో నిలబడి మొదలుపెట్టింది.

"ఆయన దారిలో ఆగాడు గదా. ఆ జబ్బు మనిషితో మాట్లాడాడు. ఆమెకి నయమైంది. ఈలోగా యాయీరు ఇంటినుంచి మనుషులొచ్చారు. పిల్ల పోయింది, ఇంక ఆయన్ని తిప్పలు పెట్టడం దేనికన్నారు. ఆయన భయపడొద్దన్నాడు." ఆ మాట దగ్గర జీవరత్నం ఆగింది. భయపడొద్దని చెప్పడానికి ఆమెకి ఎంత భయమేసిందో. "ఇంటికొచ్చాడు. అందరూ ఏడుస్తున్నారు. ఎందుకు ఏడుస్తారు, పిల్ల నిద్రపోతోందన్నాడు. జనం నవ్వారు. ఆయన వాళ్ళని బయటికి పంపాడు."

జీవరత్నం ఏడుస్తున్న ఆడవాళ్ళవంక చూసింది. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ లేచి వీధిలోకి పోయారు.

"లోపలికి ముగ్గురు శిష్యుల్ని తీసుకుపోయాడు. తండ్రిని తీసుకుపోయాడు. తల్లిని కూడా. తల్లి అక్కడే ఉంది." గడప వదిలి లోపలికి నడిచింది, చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని..."

ఏమన్నాడు? కథలో ఆ చోట, పిల్లని లేపడానికి ఆయన భాషలోనే ఒక మాట ఉంటుంది. చిన్నప్పుడు ఆయాలు పదే పదే వల్లె వేయించిన మాట. ఎంత వెతుక్కున్నా రాలేదు. వాకిట్లో పిల్లలు ఊపిరి బిగబట్టారు. జీవరత్నం కళ్ళముందు మిరపతోటల మీదుగా పరిగెత్తిపోతున్న ఇస్సాకు కనపడ్డాడు. రాని మాట కోసం చూసి చూసి, వచ్చిన మాటే అంది.

"అమ్మాయ్, లెగు. పొద్దెక్కింది."

కథలో పిల్ల కళ్ళు తెరిచింది. లేచి కూర్చుంది. చుట్టూ చూసి ఆవలించింది.

దేవమణి లేవలేదు.

జీవరత్నం ఇంకోసారి పిలిచింది. వాకిట్లోంచి బసవమ్మ, "తినడానికి పెట్టమన్నాడే! లేవగానే పిల్లకి తిండి పెట్టమన్నాడు, అది చెప్పలేదు నువ్వు!" అని కేకేసింది. పొట్టేలు మర్చిపోవడమంటే ఇదే. జీవరత్నం పొయ్యి దగ్గరికి ఉరికింది, గంజి గిన్నెలో పోసి తెచ్చింది, ఆయన తిండి పెట్టమన్నాడు అని పైకి చెప్పింది.

పిల్ల గిన్నె అందుకుంది. ఎంత ఆకలి మీదుందో గానీ తాగలేదు. పక్కకి తిరిగి, దేవమణి తల ఒళ్ళో పెట్టుకుని, మొదటి గుక్క ఆ పెదాల మధ్య పోసింది. పోసిన గంజి మూలనుంచి కారిపోయింది. ఇంకో గుక్క పోసింది. గొంతు కదిలింది.

"అమ్మా" అంది దేవమణి, కళ్ళు తెరవకుండానే. "ఉప్పెయ్యలా."

జీవరత్నం అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఉప్పు తెచ్చి వేసింది.

కథ ముగిసింది గనక పిల్ల వెళ్ళిపోవాలి. వెళ్ళేముందు వచ్చి జీవరత్నం ముందు వీపు చేసి కూర్చుంది. "జడ వెయ్యి పెద్దమ్మా. ఇట్టా పోతే మా అమ్మ చూసి బాధపడుద్ది." జీవరత్నం నూనె రాసి, చిక్కు తీసి, గట్టిగా బిగించి వేసింది. పిల్ల దుప్పటి భుజాన వేసుకుని గడప దాటింది. ఆ గడప తర్వాత ఎవరి గడపో, అక్కడ ఎవరో తల్లి గట్టిగా ఏడుస్తూ నవ్వడం జీవరత్నానికి వినపడింది.

ఏటి వరద తీశాక టీచరమ్మ వచ్చింది. జరిగిందంతా విన్నది. ఆ తర్వాత ఆవిడ ఆ పల్లెలో ఏ కథా సగంలో ఆపలేదు. పిల్లలు కొందరు రావడం మానేశారు, అయినా ఆపలేదు.

జీవరత్నం మాత్రం మారలేదు. దేవమణికి జగ్గయ్యపేట సంబంధం కుదిరి అత్తారింటికి పోయేదాకా, రోజూ పొద్దున్నే గంజిలో ఉప్పు వేసి, రుచి చూసి, ఆ పిల్ల పక్కన కూర్చునేది. "అమ్మాయ్, లెగు. పొద్దెక్కింది" అని, ఊపిరి బిగబట్టి దుప్పటి వంకే చూసేది.

"లేచాలేమ్మా" అనేది దేవమణి, లేవకుండానే.