మెట్ల కింద డ్రమ్ము

"రేపు పొద్దుటికల్లా ఈ డ్రమ్ము ఇక్కడ ఉండకూడదమ్మాయ్! ఉందా, చెత్తబండి ఎక్కించేస్తాను."

మేడ ప్రెసిడెంటుగారు ఆ మాట ఆరు వాటాల వాళ్ళూ వినేట్టు అన్నారు. కింది వాటాలో అత్తగారితో ఉంటూ బట్టలు కుట్టే కోడలికి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా మెట్ల కింద పెట్టి, వంటింటి తొక్కలూ, ఎండుటాకులూ, తన మిషను కింద రాలిన నూలు పీలికలూ పొరలు పొరలుగా వేసి ఎరువు చేస్తున్న డ్రమ్ము అది. తొక్కలు పారెయ్యకండి మహాప్రభో, నా డ్రమ్ములో వెయ్యండి అని గడపగడపకీ తిరిగి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. విన్న పాపాన పోయినవాళ్ళు లేరు గానీ, చెత్తమ్మ అని పేరు మాత్రం పెట్టారు.

"కంపు నా డ్రమ్ముది కాదు బాబాయిగారూ. దాని పక్కన మీరంతా పెట్టే కవర్లది."

"మా కవర్లా?" ఆయన గయ్యిమన్నారు. "మేం రెండు కవర్లలో వేసి, రెండేసి ముళ్ళు వేసి, చీమ దూరకుండా కడతాం. శుభ్రం గురించి నువ్వా నాకు చెప్పేది?"

అదే వచ్చిన తంటా! ఆ మేడలో శుభ్రమంటే ముడి. ఎంత గట్టి ముడి వేస్తే అంత పరువు. బండి రెండు రోజులకోసారి వచ్చేలోగా గాలాడక లోపల తొక్కలు కుళ్ళి నీళ్ళు కారేవి. నెపం మాత్రం గాలాడేందుకు చిల్లులు పెట్టిన డ్రమ్ము మీద.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ డ్రమ్మును తమ కుట్టుగదిలోకి ఈడ్చుకొచ్చారు.

"కుట్టించుకునే ఆ నలుగురూ కూడా రావడం మానేస్తే మన నోట్లో మన్నేనే తల్లీ," అంది అత్తగారు ఆయాసపడుతూ.

"మానేస్తే మానెయ్యనీ అత్తయ్యా. దీన్ని మాత్రం చస్తే వదలను."

అనేసింది గానీ లోపల గుబులుగానే ఉంది. ఆ గదే వాళ్ళకి తిండి పెడుతోంది. మూత మీద గళ్ళగుడ్డ కప్పి, పైన ఒక దిండు వేసింది.

నాలుగో రోజు ప్రెసిడెంటుగారు కొత్త ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చారు. వచ్చినవారు వచ్చినట్టే ఆ దిండు మీద చతికిలబడ్డారు. అత్తగారు గబుక్కున లేవబోయింది. కోడలు మాత్రం తలెత్తకుండా మిషను తొక్కసాగింది.

"చూశావా అమ్మాయ్, డ్రమ్ము వదిలించుకున్నాక ఎంత హాయిగా ఉందో! నీ గదిలో తడిమట్టి వాసన వేస్తోంది. మెట్ల కిందే ఇంకా కంపు వదల్లేదు. పోతూ పోతూ ఎంత పని చేసిందో చూడు! ఇంతకీ ఎక్కడ పారేశావు?"

మిషను ఆగింది.

"పారెయ్యలేదు. మీరు దాని మీదే కూర్చున్నారు."

ఆయన ఉలిక్కిపడి లేచారు. ఆమె గుడ్డ లాగేసి, మూత తీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి గుప్పెడు నల్లటి ఎరువు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన వాసన చూశారు. అదే తడిమట్టి వాసన.

కోడలు కత్తెర అందుకుంది. "పదండి, ఇప్పుడు మెట్ల కింద మీ ముడి సంగతి చూద్దాం."

"వద్దమ్మాయ్, నలుగురూ చూస్తారు."

"చూడాలనే కదా!"

గొంతెత్తి ఆరు వాటాల వాళ్ళనీ కేకేసింది. అందరూ దిగాక, రెండు ముళ్ళున్న ఆయన కవరు కసుక్కున కత్తిరించింది. గుప్పుమంది కంపు. చూసేవాళ్ళంతా ముక్కులు మూసుకుని రెండేసి మెట్లు వెనక్కి ఎక్కారు. మెట్ల కింద డ్రమ్ము లేదని అందరికీ కనిపిస్తూనే ఉంది.

"మీ ప్యాంటు రేపు పొద్దుటికల్లా ఇస్తాను బాబాయిగారూ," అంది ఆమె కత్తెర తుడుచుకుంటూ. "రేపు పొద్దుటికల్లా నా డ్రమ్ము కూడా ఇక్కడే ఉంటుంది. ఎక్కించండి బండి, చూస్తాను!"