ఐదో ఇన్నింగ్స్‌లో చెరిపిన గీత

మంగళవారం ఉదయం పదకొండింటికి వెర్నా హాప్ట్ భూతద్దం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, పాత స్కోరు పుస్తకంలోని అదే గడిని మరోసారి చూసింది. అనుమానం లేదు. పెన్సిలు రాత కింద ఇంకో రాత ఉంది.

సాయంత్రం ఐదింటికి తన పుస్తకం అచ్చుకు వెళ్లాలి. పేరు ‘నూరేళ్ల టామరాక్ కూపర్స్’. స్టేడియం మెట్ల కింది గదిలో కూర్చుని మూడేళ్లు రాసింది వెర్నా. పీపాల ఫ్యాక్టరీ పనివాళ్లు ఆదివారాలు బేస్‌బాల్ ఆడుకోవడానికి పెట్టుకున్న జట్టు జీతాలిచ్చే జట్టు ఎలా అయిందో, రెండుసార్లు మూతపడి మళ్లీ ఎలా తెరుచుకుందో, గెలిచిన ప్రతిసారీ గోడ పక్కనున్న ఓక్ పీపాను సుత్తితో ఎందుకు మోగిస్తారో, అన్నీ అందులో ఉన్నాయి. ఇక మిగిలింది ఆఖరిసారి సరిచూడటం. ఆ సరిచూడటంలోనే 1959 ఆగస్టు 9 దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు స్కోరు పుస్తకం రాసింది ఆమె తండ్రి ఎమిల్ హాప్ట్. ముప్ఫై ఏళ్లు ఆ జట్టుకు అధికారిక స్కోరరు. అందాల్సిన బంతి జారిపోతే అది ఫీల్డరు తప్పు, ఎవరికీ అందని బంతయితే కొట్టినవాడికి హిట్. ఆ తీర్పు స్కోరరుదే. ఎమిల్ ఒకసారి రాశాడంటే దాని గురించి బయట మాట్లాడేవాడు కాదు. ఎవరు వాదానికొచ్చినా ఒకటే జవాబు: “పుస్తకంలో ఉంది.”

ఇప్పుడు ఆ పుస్తకంలో ఐదో ఇన్నింగ్స్ గడిలో ‘ఈ-6’ అని ఉంది. అంటే తప్పు రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డరు షార్ట్‌స్టాప్‌ది. దాని కింద, రబ్బరుతో తుడిచినా కాగితంలో దిగబడిపోయిన అడ్డగీత. అది హిట్ గుర్తు.

వెర్నా తను రాసిన అరవై ఒకటో పేజీ తీసింది. ‘నూరేళ్లలో బంతి విసిరే కూపర్స్ పిచర్ ఎవరూ నోహిట్టర్ వెయ్యలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లూ అవతలివాళ్లకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ముగించే ఆ ఘనతకు అతి దగ్గరగా వచ్చినవాడు కాజ్ డుడెక్. 1959 ఆగస్టు 9న ఆయన ఇచ్చింది ఒకే ఒక్క హిట్.’ ఆ ఒక్క హిట్ కాస్తా తప్పయితే మిగిలేది సున్నా. నూరేళ్లలో ఒకే ఒక్క నోహిట్టర్ కాజ్‌ది అవుతుంది.

సంతోషించాల్సిన మాటే. కానీ దాని వెనకే అరవై రెండో పేజీ ఉంది. ‘ఆ ఏడాది ఆఖరి నలభై ఒక్క మ్యాచ్‌లలో షార్ట్‌స్టాప్ ఆర్విల్ టెష్ ఒక్క తప్పూ చెయ్యలేదు. క్లబ్బు చరిత్రలో ఇదే రికార్డు.’ అదే వాక్యం స్టేడియం పెద్ద గేటు పక్కన కంచు పలక మీద నలభై ఏళ్లుగా ఉంది. ఆ నలభై ఒకటిలో పంతొమ్మిది మ్యాచ్‌లు అయ్యాక వచ్చిందే ఆగస్టు 9.

‘ఈ-6’ నిజమైతే ఈ రెండు పేజీలూ తప్పే. కాజ్‌కు ఎనభై ఎనిమిది, ఆర్విల్‌కు ఎనభై ఆరు. ఇద్దరూ రోజూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

క్లబ్బు మేనేజరు మార్లన్ రీస్ తలుపు దగ్గర నిలబడి సంగతి విన్నాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు, ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడతాడు. నోహిట్టర్ అనగానే ముందు కళ్లు మెరిశాయి. ఆ తర్వాత కంచు పలక గుర్తొచ్చి మొహం ముడుచుకుంది.

“వెర్నా గారూ, అరవై అయిదేళ్ల కిందటి పెన్సిలు గీత కోసం ఎవరు భూతద్దం పట్టుకుని వస్తారు? ఉన్నది ఉన్నట్టు పోనివ్వండి.”

“ఉన్నది ఉన్నట్టే కదా నా బాధ.”

మార్లన్ గడియారం వంక చూసి, ఐదు దాటితే అచ్చువాడు ఆగడని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

వెర్నాకు ఇంకో ముల్లు కూడా ఉంది. నాన్న ఆ గీత ఎందుకు చెరిపాడు? ఎవరి మొహమాటానికైనా చెరిపాడా? ఎవరైనా అడిగితే తీర్పు మార్చే మనిషి కాదే. ఆమె స్కోరు పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని కారు తీసింది.

మిల్‌పాండ్ బీరు దుకాణంలో కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరూ క్రిబేజ్ పేకాట ఆడుతున్నారు. ఆట లెక్క చూపే చిల్లుల పలక మీద కాజ్ పుల్ల ముందుంది. మధ్యలో వేయించిన చీజ్ ముక్కల పళ్లెం. వెర్నా కుర్చీ లాక్కుంది. కాజ్ ఎదుట ఈ మాట ఎత్తకూడదని దారిలోనే అనుకుంది. ముందు ఆర్విల్‌ను ఒంటరిగా పట్టుకోవాలి. అరగంట వాతావరణం గురించీ, ఈ ఏడాది కుర్ర పిచర్ల గురించీ మాట్లాడుతూ కాచుకుంది. చివరికి కాజ్ చేతికర్ర అందుకుని లేచాడు.

“నా పేకముక్కల జోలికొచ్చావో, తెలిసిపోతుంది” అని ఆర్విల్‌ను హెచ్చరించి వెనక వైపు బాత్‌రూమ్ దారి పట్టాడు.

ఎనభై ఎనిమిదేళ్ల మనిషి వెళ్లి రావడానికి ఎనిమిది నిమిషాలు. వెర్నా పుస్తకం తెరిచి, గడి మీద వేలు పెట్టి, ఆర్విల్ ముందుకు జరిపింది.

ఆయన భూతద్దం అడగలేదు. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. ఆమె వేలి కింది గడి చూసి, చేతిలోని పేకముక్కల్ని బోర్లా పెట్టేశాడు.

“దీన్ని తెరవడానికి మీ అందరికీ అరవై అయిదేళ్లు పట్టిందా?” అన్నాడు.

తర్వాత గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ఐదో ఇన్నింగ్స్‌లో బంతి నేల మీద దొర్లుతూ నేరుగా తన దగ్గరికే వచ్చింది. చేతి తొడుగులోకి వచ్చింది, జారిపోయింది. గడ్డి తడిగా ఉందని జాలిపడి ఎమిల్ దాన్ని హిట్‌గా రాశాడు. స్కోరు బోర్డు మీద హిట్ల కింద ఒకటి అనే రేకు అంకె వేలాడింది. జనం కూడా చల్లబడ్డారు. ఆ తర్వాత కాజ్ ఇంకెవరికీ హిట్ ఇవ్వలేదు. ఏడో ఇన్నింగ్స్ నాటికి ఆర్విల్ ఇక ఆగలేకపోయాడు. తమవాళ్లు బ్యాటింగ్‌లో ఉండగా వెనక ఇనుప మెట్లెక్కి స్కోరరు గదికి వెళ్లాడు.

“ఏమన్నారు?” అంది వెర్నా.

“ఎమిల్ గారూ, ఐదో ఇన్నింగ్స్‌లో ఆ బంతి నాది, అన్నాను. అంతే. అంతకన్నా అనకూడదు కదా.”

వెర్నాకు వివరించనక్కర్లేదు. నోహిట్టర్ నడుస్తుండగా ఆ మాట నోటితో అన్నవాడు దాన్ని చెడగొట్టినట్టే. మైదానంలో ఆటగాళ్లే కాదు, స్టాండ్లలో పాప్‌కార్న్ అమ్మేవాడు కూడా ఆ మాట అనడు. ఎమిల్ కూడా అనలేదు. జేబులోంచి రబ్బరు తీశాడు. బోర్డు మనిషికి కబురు పెట్టలేదు. ఒకటి తీసి సున్నా తగిలించడమంటే ఊరంతటికీ అరిచి చెప్పినట్టే. మ్యాచ్ అయ్యాక చెప్పవచ్చనుకున్నాడు. ఆఖరి బ్యాటరు అవుటవడమూ కరెంటు స్తంభం మీద పిడుగు పడటమూ ఒకేసారి జరిగాయి. కరెంటు పోయింది, మైకు పోయింది, జనం పరుగో పరుగు. ఎమిల్ పుస్తకాన్ని కోటు కింద దాచుకుని, స్టాండ్లలో ఉన్న భార్యనూ ఐదేళ్ల వెర్నానూ వెతుక్కుంటూ దిగిపోయాడు. పత్రిక మనిషి మబ్బు చూసి ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే వెళ్లిపోయాడు. మర్నాడు అచ్చయింది: ఒక హిట్. ఎమిల్ అసలు కాగితాన్ని లీగు ఆఫీసుకు పంపాడు. ఆ చలికాలంలో లీగే మూతపడింది, కాగితాలు ఏ అటక మీదికి చేరాయో ఎవరికీ తెలియదు.

“మీరెందుకు చెప్పలేదు?”

“లీగు వాళ్లు చెబుతారనుకున్నాను. తర్వాత మీ నాన్న చెబుతాడనుకున్నాను. ఒకసారి అడిగితే పుస్తకంలో ఉంది అన్నాడు.” ఆర్విల్ చీజ్ ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరిపాడు. “తర్వాత ఆ పలక వచ్చింది. ముసుగు తియ్యకముందే లేచి చెప్పాలి. మొదటి వరసలో మా ఆవిడ కొత్త టోపీ పెట్టుకుని కూర్చుంది. లేవలేకపోయాను.”

అప్పుడు వెర్నాకు వెలిగింది. ఆర్విల్ ఎప్పుడూ పెద్ద గేటులోంచి రాడు. వానలోనైనా స్టేడియం చుట్టూ నడిచి ఎడమవైపు చిన్న గేటులోంచి వస్తాడు. కారు అక్కడ పెట్టుకుంటాడేమో అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

“ఆ పలక పక్కనుంచి నడవలేను” అన్నాడు ఆర్విల్, ఆమె అడగకుండానే. “పలక తీసేయించు. పుస్తకంలో నిజం రాయి. కానీ వాడికి మాత్రం నేను...”

చేతికర్ర చప్పుడు దగ్గరపడింది. వెర్నా పుస్తకం మూయబోయింది. ఆర్విల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. కాజ్ కూర్చుని, ముందు తన పేకముక్కలు లెక్క చూసుకుని, ఆ తర్వాతే బల్ల మీది పుస్తకం చూశాడు.

“కాజ్,” అన్నాడు ఆర్విల్. “ఐదో ఇన్నింగ్స్.”

“ఏ ఐదో ఇన్నింగ్స్?”

“నీకు తెలుసురా ఏదో. ఆ బంతి హిట్ కాదు. నా చేతిలోంచి జారింది. ఎమిల్‌కు చెప్పాను, ఆయన మార్చాడు. నీకు చెప్పలేదు. అరవై అయిదేళ్లు చెప్పలేదు.”

కాజ్ పుల్లను రెండు చిల్లులు ముందుకు జరిపాడు. అది తన వంతు కూడా కాదు.

“ఇనుప మెట్ల మీద ముళ్ల బూట్లేసుకుని ఎక్కావు,” అన్నాడు తాపీగా. “బెంచీ అంతా వినపడింది. ఏ పనికి ఎక్కావో మాత్రం అప్పుడు తెలియలేదు.”

“మరి?”

“దిగొచ్చాక ఎక్కడ కూర్చున్నావు?”

ఆర్విల్ చీజ్ పళ్లెం పక్కకు నెట్టాడు.

“ఏడు ఇన్నింగ్స్‌ల దాకా నా పక్కనే కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ నా బూట్ల మీద ఉమ్మావు,” అన్నాడు కాజ్. “దిగొచ్చి బెంచీ ఆ చివరికి పోయావు. నా మొహం చూడలేదు. నీళ్లిమ్మంటే వినపడనట్టు ఉన్నావు. బోర్డు మీద ఒకటి వేలాడుతుంటే, ఒక హిట్ ఇచ్చినవాడి పక్కన కూర్చోవడానికి నీకేం రోగం? ఎవడి దగ్గరికి అలా పోరో నాకు తెలియదా?”

వెర్నాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. నోహిట్టర్ వేస్తున్న పిచర్ పక్కన ఎవరూ కూర్చోరు, పలకరించరు. పిడుగుకు ముందే, పత్రికకు ముందే, కాజ్‌కు తన నోహిట్టర్ కబురు బెంచీ మీది ఖాళీ జాగా చెప్పేసింది.

“అంటే నీకు తెలుసా?” అన్నాడు ఆర్విల్. “అప్పటినుంచీ?”

“నేనేం విసిరానో నాకు తెలుసు. అది చాలింది. నువ్వు ఇంకా దిష్టి తగులుతుందని నోరు మూసుకున్నావేమో అనుకున్నాను.”

“మరి ఆ పలక పెట్టినప్పుడైనా అడగొచ్చుగా వెధవా.”

“ఎందుకు అడగడం? నలభై ఏళ్లు నువ్వు ఎడమ గేటు దాకా చుట్టు తిరిగి నడిచావు. నీ మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయంటే అది నా చలవే.”

ఆర్విల్ చేతి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరూ దెబ్బలాటకు దిగారు. పలక ఉండాలని కాజ్, తీసేయాలని ఆర్విల్. ఇప్పుడు తన పేరు అచ్చులో చూసుకుని చేసేదేముందని కాజ్, చూసుకోకపోతే ఇక క్రిబేజ్ ఆడనని ఆర్విల్. వెర్నా చెప్పేదేమిటో ఇద్దరికీ పట్టలేదు. ఆమె సంచిలోంచి పెన్సిలు తీసి అక్కడే తన రెండు పేజీలూ తిరగరాయడం మొదలుపెట్టింది.

“ఏం రాస్తున్నావు ఎమిల్ కూతురా?” అన్నాడు కాజ్.

“పుస్తకంలో ఉన్నది.”

ఇద్దరి దెబ్బలాటా ఒక్కసారే ఆగింది. ఆ జవాబు వాళ్లకు ఇదివరకే తెలుసు.

అరవై రెండో పేజీ దగ్గర ఆమె కాస్త ఆగింది. ముందు పంతొమ్మిది మ్యాచ్‌లు, ఆ తర్వాత ఇరవై ఒకటి, మధ్యలో తనే వెళ్లి తనే ఒప్పుకున్న ఒక్క తప్పు. క్లబ్బు రికార్డు కాస్తా 1937లో తప్పు లేకుండా ముప్ఫై ఆడిన ఇంకెవరికో వెళ్లిపోతుంది. అదీ రాసింది. మూడున్నరకు మార్లన్‌కు ఫోన్ చేసి రెండు పేజీలూ చదివి వినిపించింది. అవతల అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఆ మనిషి నడక ఆపడం ఆమె ఎరిగినంతలో అదే మొదలు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు: పాత బోర్డు రేకు అంకెలు ఎక్కడున్నాయో తెలుసా అని.

మేలో సొంత మైదానంలో మొదటి మ్యాచ్ రోజు ఎండ బాగా కాసింది. వేయించిన సాసేజి వాసన గేటు దాకా వచ్చింది. కంచు పలక ఉన్నచోట గోడ కాస్త తెల్లగా, నాలుగు మేకు చిల్లులతో ఉంది. ఆర్విల్ దాని పక్కనుంచి పెద్ద గేటులోకి నడిచాడు. చిల్లుల వంక చూశాడు, ఆగలేదు.

కుడి గోడ మీది పాత బోర్డు దులిపి నిలబెట్టారు. దాని మీద ఆ 1959 మ్యాచ్ స్కోరు పేర్చి ఉంది, అవతలి జట్టు హిట్ల కింద తుప్పు పట్టిన ఒకటితో సహా. దానికింద నాలుగు మెట్ల బల్ల. మైకులో వెర్నా ఐదో ఇన్నింగ్స్ గడిలో ఏముందో చదివి, చివర ఆ మాటను పైకి అంది. నోహిట్టర్. స్టాండ్లలో ముసలివాళ్లు కొందరు అలవాటుగా ఆకాశం వంక చూశారు. మబ్బు లేదు.

ఒకటిని కాజ్ తన చేతికర్ర కొసతో ఎత్తి పడేశాడు. రేకు సున్నాను ఆర్విల్ చేతిలో పెట్టి, నాలుగు మెట్లూ ఎక్కుతున్నవాడిని కింద నుంచి పట్టుకున్నాడు.

“ఏరా,” అన్నాడు. “ఇదైనా జారనివ్వకు.”

ఆర్విల్ రెండు చేతులతో పట్టుకుని, మేకుకు తగిలించి, అది ఊగడం ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఎవరో పీపా మీద సుత్తి వేశారు. తర్వాత ఇద్దరూ తమ జట్టు బెంచీ దగ్గరికి నడిచి, పక్కపక్కనే కూర్చున్నారు.