బల్లలో ఇరుక్కున్న అధ్యక్షుడు

పరాయి దేశంలోని పేదపిల్లల బడికి ఏది పంపినా ముందు సేవాసంస్థ బోర్డు సభ్యులే వాడి చూడాలన్నది అధ్యక్షుడు పట్టుబట్టి పెట్టించిన నియమం. అందుకే వడ్రంగి షెడ్డులో, బల్లా కుర్చీ కలిపి చేసిన బుల్లి బెంచీలో తానే ముందు కూర్చున్నాడు. బొజ్జ కాస్తా ఇరుక్కుపోయింది.

"లాగకండర్రా, కొత్త బల్ల విరుగుతుంది!" అని సభ్యుల మీద కసురుకున్నాడు.

"తిండి తగ్గించవయ్యా అంటే విన్నావా మరిదీ?" అంది కార్యదర్శి. ఆవిడ ఆయన సొంత వదినే.

సరిగ్గా అప్పుడే ఆ బడి నుంచి వీడియో కాల్ వచ్చింది. మరిది వద్దు మొర్రో అంటున్నా వదిన ఎత్తేసింది. తెరనిండా ఉన్న పిల్లలు ఆయన్ని చూసి పగలబడి నవ్వారు.

ఆయన ముఖం కందగడ్డలా చేసుకుని, "మీకు పంపబోయే ఈ బల్లలు నచ్చాయా?" అన్నాడు.

టీచరు పిల్లల్ని వాళ్ల భాషలో అడిగి చెప్పింది.

"నచ్చాయటండీ. ఆ తాతను మాత్రం ఊడదీయకుండా అలాగే పంపమంటున్నారు."