ఎర్రగీత దాటిన ఇంజను

కోటిబాబు ఇనుప బ్రష్షుతో స్పార్కు ప్లగ్గుల మసి గీకుతూనే, షెడ్డు ఆ చివర ఏం జరుగుతోందో ఓ కంట కనిపెడుతున్నాడు. ఏముంది, రోజూ జరిగేదే. యజమాని ఊ థాన్ వస్తూనే విమానం ముక్కు దగ్గర ఆగి, కొయ్య ప్రొపెల్లరును అరచేత్తో నిమిరి, దాని నడిబొడ్డున లేత తబ్యే కొమ్మ కట్టి దణ్ణం పెట్టుకున్నాడు. శుభం జరగాలని కొత్త బండికి ముందు భాగాన ఆ కొమ్మ కట్టడం ఈ ఊళ్లో మామూలే. మరి ఇంజనుకో? ఒక్క ఆకైనా లేదు!

బర్మాలో, పజుండౌంగ్ కాలువ పక్కన ఆ రేకుల షెడ్డులో ఊ థాన్ సరదాకి ఒంటిమనిషి విమానం కట్టించుకుంటున్నాడు. ఎగరడానికి అనుమతి వస్తుందో రాదో దేవుడికెరుక. ప్రొపెల్లరు చెక్కింది లింగరాజు, కోటిబాబుకు వరసకు బావ. పాత జపాను కారులోంచి ఊడదీసిన రోటరీ ఇంజనును విప్పి, కడిగి, సీళ్లు మార్చి మళ్లీ బతికించింది కోటిబాబు. చూడవచ్చినవాళ్లంతా మాత్రం ప్రొపెల్లరు పక్కనే ఫొటోలు దిగుతారు. చిన్నప్పటి నుంచీ పరాయివాళ్ల కార్ల కింద పడుకుని, వీపున నూనె మరకలతోనే ముసలివాడవుతున్న మనిషిని ఎవరు ఫొటో తీస్తారు? ఇంట్లో పెళ్లాం ప్రమోదా అంతే. "లింగరాజన్నయ్య సేతిలో ఏటుందో గానీ, అద్దంలాగ సెక్కేడంట గదా!" అంది నిన్న అన్నం వడ్డిస్తూ. కోటిబాబు సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

పైగా ఆ ఎర్రగీత ఒకటి. ఇంజను తిరిగే వేగం చూపే మీటరు అద్దం మీద లింగరాజే రంగుతో గీశాడు. అది దాటితే ప్రొపెల్లరు రెక్కల కొసలు ధ్వని వేగానికి దగ్గరపడతాయి. అప్పుడు ప్రొపెల్లరు గాలిని సరిగా నెట్టక కీచుమని అరుస్తుందట. ఇంకా ఎంతో పరుగెత్తగల ఇంజను ఒక చెక్కముక్క కోసం ఊపిరి బిగబట్టాలా? కోటిబాబుకు ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు కొత్త సైలెన్సరు బిగించాడు. ఇన్నాళ్లూ ఇంజను మోతలో ఇంకేదీ వినబడేది కాదు, ఇప్పుడు మెత్తగా గుర్రుమంటోంది. ఊ థాన్ మొదటిసారి అతన్ని "సయా" అని, మేస్త్రీలను గౌరవంగా పిలిచే పిలుపుతో పిలిచాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. లింగరాజు వెనక విమానం తోక పట్టుకుని ఉన్నాడు. కోటిబాబు మీటరుకు భుజం అడ్డంపెట్టి, వేగం పెంచి ముల్లును ఎర్రగీత దాటించాడు. ప్రొపెల్లరు కీచుమంది. బయట కాకులన్నీ లేచిపోయాయి.

ఊ థాన్ చెవులు మూసుకున్నాడు. ఇంజను ఆపించి, ఆ అరుపు ఇంజనుదా, కొయ్యదా అని బర్మా భాషలో అడిగాడు.

కొయ్యదేనన్నాడు కోటిబాబు.

లింగరాజు అతని మొహంలోకి చూశాడు. ఆ అరుపు ఏ వేగంలో వస్తుందో చెక్కినవాడికి తెలియదా? అయినా నోరు విప్పలేదు. బ్యాంకాకు నుంచి వేరే ప్రొపెల్లరు తెప్పిస్తాననీ, చెక్కపని ఇక చాలనీ ఊ థాన్ అనేసి వెళ్లిపోయాడు. లింగరాజు ఉలులు, ఆకురాళ్లు సంచిలో సర్దుకుంటుంటే కోటిబాబుకు కడుపు చల్లబడింది. ఇక వచ్చేవాళ్లు ఎవరి పక్కన నిలబడతారో చూద్దాం!

"ఎల్తాను కోటీ," అన్నాడు లింగరాజు గుమ్మంలో ఆగి. "నా బల్ల మీద గోనె కింద సూడు. రెక్కలు కురస సేసి ఇంకోటి సెక్కుతున్నాను. దానికైతే గీత శానా పైన. నీ ఇంజను గొంతిప్పి పాడితే ఇనాలనుండేది."

"మరి... ఇందాక ఆయనతో నిజం సెప్పలేదేటి బావా?"

"సెప్తే నిన్ను పంపేసేవోడు. ఇంక ఈ ఇంజన్నెవుడు సూసుకుంటాడు?"

లింగరాజు ఎక్కిన సైకిల్ రిక్షా మలుపు తిరిగిపోయింది. కోటిబాబుకు సిగ్గేసింది. పరిగెత్తుకెళ్లి ఊ థాన్‌కు ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. లింగరాజు బల్ల దగ్గరికి వెళ్లి గోనె తీశాడు.

కురచ రెక్కల ప్రొపెల్లరు, ఒక రెక్కకు వార్నిష్ పూసి ఉంది, రెండోది ఇంకా ఉత్త చెక్కగానే ఉంది.