కిందికి జారిన అక్షరం

నేను ఒక బంగ్లా టైపురైటరును. నన్ను తయారుచేసినవాళ్లకు బంగ్లా ముక్క రాదు. దూరదేశపు కార్ఖానాలో, ఇది కొక్కెంలా ఉంది, అది కుర్చీలా ఉంది అని గుర్తులు పెట్టుకుని నా అక్షరాలు బిగించారు. ఓడెక్కించి తూర్పు పాకిస్తానుకు పంపారు. ఖుల్నాలో ఒక జనపనార మిల్లు ఆఫీసు నాకు ఇల్లయింది. పక్క బల్ల మీద ఉర్దూ టైపురైటరు ఉండేది. ఇద్దరికీ ఒకే డబ్బాలోని నూనె. మేమెన్నడూ పోట్లాడుకోలేదు. ఏ భాష పెద్దదన్న తగువంతా మనుషులదే.

నా మీద పనిచేసే అమ్మాయి పేరు హాస్నా బాను. నన్ను బాగుచేసే ముసలాయన కలీముద్దీన్. దేశం ముక్కలైనప్పుడు పాట్నా వదిలి వచ్చిన ఉర్దూ మనిషి. బంగ్లా మాట్లాడతాడు గానీ చదవలేడు. అయినా ఊళ్లో ఏ మిషను అచ్చు ఎలా పడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. బాగుచేసిన ప్రతి మిషను మీదా అక్షరాలన్నీ ఒకసారి కొట్టి, ఆ కాగితాన్ని తన పుస్తకంలో అతికించుకునేవాడు. అదొక పిచ్చి ఆయనకు. ఒకసారి నా ‘మ’ విరిగితే అతికించి, నమూనా కొట్టి చూసి నొచ్చుకున్నాడు.

“కాస్త కిందికి జారుతోంది బేటీ. అచ్చు చూస్తే ఇది నీ మిషనని ఇట్టే తెలిసిపోద్ది.”

“తెలిస్తే తెలియనియ్యి ఉస్తాద్. దీన్నెవరు ఎత్తుకుపోతారు?” అని నవ్వింది హాస్నా.

1971 వచ్చింది. మా భాషకు మా దేశం కావాలని ఊరంతా లేచింది. మార్చిలో పాకిస్తాను సైన్యం దిగింది. అందరూ భోజనానికి వెళ్లిన గంటలో హాస్నా నా మీద కరపత్రాలకు స్టెన్సిళ్లు కొట్టేది. ఆమె వేళ్లు చల్లగా ఉండేవి. మెట్ల మీద చప్పుడైతే చాలు, కాగితం జాకెట్లోకి పోయేది. నా భయం వేరే. ‘మ’ లేకుండా బంగ్లాలో అమ్మనైనా పిలవలేం. అది జారి పడ్డ ప్రతిసారీ ఈ పిల్లను నేనే పట్టిస్తున్నానని వణికిపోయేవాణ్ణి.

ఒకరోజు ఉదయం ఒక కెప్టెన్ కరపత్రంతో వచ్చాడు. వెనకే కలీముద్దీన్, చంకలో ఆ పుస్తకం.

“ఇది ఏ మిషనుదో చెప్పు పెద్దాయనా. నువ్వు మనవాడివి. నీ మాట మీద నాకు గురి.”

ముసలాయన కరపత్రం చూశాడు. పుస్తకం తిప్పుతూ వచ్చి నా కాగితం దగ్గర ఆగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పేజీ తిప్పేశాడు.

“ఈ ఊరి మిషను కాదు సాబ్. నా చెయ్యి పడలేదు దీని మీద.”

కెప్టెన్ నమ్మాడు. తన భాష మాట్లాడేవాడు తనతో అబద్ధమాడడని అతని ధీమా. ఈ ధీమా విషయంలో మనుషులంతా ఒకటే.

డిసెంబరులో కొత్త దేశం పుట్టింది. వీధుల్లో పాటలు, పూలు. ఆ వెంటనే ఉర్దూ మాట్లాడేవాళ్ల ఇళ్ల కోసం వెతుకులాట. పట్టపగలే కలీముద్దీన్ వెనక గుమ్మం గుండా ఆఫీసులోకి వచ్చిపడ్డాడు. హాస్నా ఆయన్ని కాగితాల గదిలోకి తోసింది.

“గొళ్లెం పెట్టకు బేటీ. అనుమానపడతారు,” అన్నాడాయన లోపల్నించి.

ఆమె నా ముందు కూర్చునేసరికి తుపాకులతో నలుగురు యువకులు లోపలికొచ్చారు. ఆమె కొట్టిన కరపత్రాలు పంచినవాళ్లే.

“ఆపా, ఆ ఉర్దూ ముసలోడు ఇటొచ్చాడంట. చూశావా?”

ఆమె వేళ్లు నా మీదే ఉన్నాయి. ‘నన్ను బతికించింది ఆయనే’ అని ఆమె అంటే చాలు. అక్కగా చూసుకునేవాళ్లు, బహుశా వినేవారు. కానీ ఆ మాట అంటే, శత్రువు నిన్నెందుకు కాపాడాడని అడుగుతారేమో. ఆమె చూపు ఒక్కసారి కాగితాల గది తలుపు మీదికి పోయింది.

వాళ్లకది చాలు.

రెక్కలు పట్టి తీసుకుపోతుంటే కలీముద్దీన్ నా బల్ల దగ్గర కాళ్లు తన్నిపెట్టి ఆగాడు.

“ఈ పిల్లకేం తెలీదు బాబూ. నేనే చాటుగా దూరాను.”

హాస్నా అప్పుడూ నోరు తెరవలేదు. వీధి చివర తుపాకి పేలింది. నా మీంచి ఆమె చేతులు తియ్యడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ఏటా ఫిబ్రవరిలో, భాషా దినం నాడు, తల నెరిసిన హాస్నాకు దండవేసి నా పక్కన కూర్చోబెడతారు. ఆమె కెప్టెన్ వచ్చిన రోజు గురించి చెబుతుంది. స్కూలు పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. ఆ రోజు ఎలా తప్పించుకున్నారని ఎవరో ఒకరు అడుగుతారు. ఏటా ఆ ప్రశ్న దగ్గర నాకు ముచ్చెమటలు పోస్తాయి.

“అదృష్టం,” అంటుంది, నావైపు చూడకుండా.