టబ్బుకి ఆకుపచ్చ అంచు

ఆ ఇంటి స్నానాల గదిలో టబ్బు రెండేళ్లుగా, కింది కాళ్లనీ గొట్టాన్నీ కప్పే పక్క పలక లేకుండానే నిలబడి ఉంది. కింద గొట్టం కారుతోందని ఇంటాయన ఒకరోజు పాత పలక ఊడదీశాడు. గొట్టం బాగుచేశాడు. నీళ్లు తాగి ఉబ్బి, పొట్టులా రాలిపోతున్న ఆ పలకని చెత్తబండిలో వేసేశాడు. "వచ్చే ఆదివారం కొత్తది బిగించేద్దాం" అన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎక్కడో పదో అంతస్తులో ఇరుక్కుపోయిన లిఫ్టుని గంటలో కదిలించేవాడు. సొంతింటి పలక దగ్గరికి వచ్చేసరికి మాత్రం వంద ఆదివారాలు గడిచినా ఆ వచ్చే ఆదివారం రాలేదు. భార్య కూడా అడగడం మానేసింది. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. రోజంతా హారన్లు విని వచ్చి, ఇంట్లో తనే ఇంకో హారన్ కావడం ఎందుకని ఊరుకుంది.

ఏడు నెలల కిందట అత్తగారు వాళ్లింటికి వచ్చింది. నలభై ఏళ్లు కుట్టు దుకాణం నడిపిన మనిషి. "ఇక ఓపిక లేదురా" అని కొడుకుతో ఒక్కమాట చెప్పి, దుకాణం మూసేసి, కత్తెరా టేపూ సంచిలో వేసుకుని వచ్చేసింది. అత్తాకోడళ్ల మధ్య పొరపొచ్చాలు లేవు, అలాగని చనువూ లేదు. "తిన్నారా అత్తయ్యా?" "తిన్నానమ్మా." ఇరుకు సందులో ఎదురుపడిన రెండు బండ్లలా ఒకరికొకరు దారిచ్చుకుంటూ మెలిగేవారు.

కోడలికి కొరుకుడు పడనిది ఒక్కటే. నిక్షేపంలాంటి టబ్బు ఉండగా అత్తగారు దాని పక్కన స్టూలు వేసుకుని, బకెట్టు నీళ్లతో స్నానం చేసేది. మోకాళ్ల నొప్పులకి వేడినీళ్లలో కూర్చోమని డాక్టరు చెప్పినా చెవిన పెట్టలేదు. ముసలి పట్టుదల కాబోలు అనుకుంది కోడలు.

భర్త వారం రోజుల పనిమీద పొరుగూరు వెళ్లాడు. ఆ వారంలోనే కోడలికి ఒక సెలవు వచ్చింది. ఆ ఉదయం ఆమె స్నానాల గది తుడుద్దామని వెళ్లేసరికి, అత్తగారు గోడ పట్టుకుని వంగి టబ్బు కిందకి చూస్తోంది.

"ఏమైనా పడిపోయిందా అత్తయ్యా?"

"ఏం పడలేదమ్మా. దీని కాళ్లు చూస్తున్నా. ఇంత తొట్టి, దాని నిండా నీళ్లు, అందులో నేను. ఇంత బరువూ మోసేది ఈ చీపురుపుల్లలేనా?"

కోడలికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఏడు నెలలుగా ఈ పెద్దావిడ భయపడుతూ తడినేల మీద స్నానం చేస్తోందన్న మాట.

"ఇనుప కాళ్లు అత్తయ్యా, గట్టివే. నేను రోజూ కూర్చుంటున్నాగా."

"గట్టివే కావచ్చు. కంటికి కనపడుతుంటే భయం. మనిషికైనా పేగులు బయటికి కనపడితే పక్కన ఎవరు కూర్చుంటారు చెప్పు?"

"అయితే మీ అబ్బాయి ఆదివారం కోసం చూడకుండా మనమే కప్పేద్దాం. చీర... కాదు, చెప్పులు వేసుకోండి, పదండి" అంది కోడలు, తొందరలో మాట తడబడి.

సామాన్ల దుకాణంలో పలకలు గోడకి వరసగా నిలబెట్టి ఉన్నాయి. దుకాణదారు ముందుగా తెల్లటి ప్లాస్టిక్ పలక తీశాడు. అత్తగారు దాని నడుముని వేలితో నొక్కింది. అది లోపలికి పోయి టప్‌మని వెనక్కి వచ్చింది. "మోకాలు తగిలితే రోజూ ఇదే పాట" అని పక్కన పెట్టించింది. నిగనిగలాడే చెక్క పలక చూపిస్తే దాన్ని తిరగేయమంది.

"అమ్మా, ఇదేం బట్టల కొట్టు కాదు" అన్నాడతను నవ్వుతూ.

"బట్టయినా బల్లయినా నిజం చెప్పేది వెనకవైపే బాబూ. చూడు, ముందు పూత ఉంది, వెనక ఏమీ లేదు. నీళ్లు వెనకనుంచేగా వచ్చేది?"

అతను ఇక నవ్వలేదు. లోపలికి వెళ్లి, నీటికి ఉబ్బని గట్టి బోర్డు తెచ్చాడు. ముందూ వెనకా పూత, అంచులు మూసి ఉన్నాయి. తెలుపు, బూడిద, లేత ఆకుపచ్చ రంగుల్లో ఉందన్నాడు. కోడలి చూపు ఆకుపచ్చ మీద ఆగింది. మురికి కనపడుతుందని నోటిదాకా వచ్చిన మాట అత్తగారు మింగేసింది. "ఆకుపచ్చే ఇవ్వు" అంది. కోడలు ఆశ్చర్యంగా చూస్తే, "ఏడు నెలల్లో నువ్వు ఇది కావాలన్న మొహం పెట్టడం ఇదే మొదటిసారి" అంది.

ఇంటికి బస్సులోనే తెచ్చారు. నడిపేది తోటి డ్రైవరు కాబట్టి సరిపోయింది. పలకని చూసి, "మీ అత్తగారికి టికెట్టు తీసుకో, ఈ పచ్చ పిల్లకి అర టికెట్టు" అన్నాడతను.

కొలతల దగ్గర చిక్కొచ్చి పడింది. టబ్బు పైఅంచు సమంగానే ఉంది కానీ, నీళ్లు పోవడానికి నేల కుళాయి వైపు వాలుగా ఉంది. గోడ చివర కంటే కుళాయి చివర ఎత్తు రెండు వేళ్లు ఎక్కువ. కోడలు టేపు పట్టుకుని అంకెలు గొణుక్కుంటుంటే అత్తగారు పాత పేపర్లు తెచ్చింది.

"అంకెలు అబద్ధమాడతాయి. కాగితం ఆడదు. ముందు దీనికి కాగితం చొక్కా కుడదాం."

పేపర్లు అతికించి, టబ్బు పక్కకి ఆనించి, నేల వెంబడి గోటితో గీటు పెట్టి కత్తిరించింది. ఆ చేతివాటం చూస్తూ కోడలు చేతిలో టేపు సంగతే మరిచిపోయింది. తర్వాత కాగితం మీద గోడవైపు అంచున కోడలే పెన్సిలుతో 'గోడ' అని రాసింది. పచ్చరంగు గీసుకుపోకుండా పలకని బోర్లా పరిచారు. అత్తగారు దాని మీద కాగితం వేసి గీత గీసింది. కోడలు రంపం పట్టింది. ముక్కు నిండా పొడి, చెమటలు, ఒకరు కోస్తుంటే ఒకరు పట్టుకోవడం. తెగిపోయిన పొడుగాటి ముక్కని పక్కన పెట్టి, పలకని టబ్బుకి ఆనించారు.

గోడ దగ్గర పలక పైకి పొడుచుకొచ్చింది. కుళాయి దగ్గర కింద రెండు వేళ్ల సందు.

కోడలికి ముందు అర్థం కాలేదు. అత్తగారికి చూడగానే అర్థమైంది. బోర్లా వేసిన పలక మీద కాగితాన్ని కూడా బోర్లించి గీయాలి. 'గోడ' అన్న అక్షరాలు పైకి కనపడుతుండగానే ఆవిడ గీసేసింది. కుడి ఎడమైంది.

ఆవిడ నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది.

"నాకా అక్షరాలు కనపడలేదమ్మాయ్."

"పెన్సిలు గీతేగా అత్తయ్యా, పలచగా రాశాను..."

"కాదు. దుకాణం కూడా ఓపిక లేక మూయలేదు. ఒక పెద్దాయన కోటు గుడ్డ ఇచ్చాడు. కొడుకు మొదటి జీతంతో కొన్న గుడ్డట. రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాను. ఇలాగే. ఆయన కోప్పడలేదు. పోనీలెండి అని మడత పెట్టుకుని వెళ్లాడు. తిట్టినా బాగుండేది. మర్నాడే తాళం వేశాను. మీ ఆయనకి చెప్పలేదు. ఇక అమ్మకి కళ్లు లేవు అంటాడని."

కోడలు రంపం కింద పెట్టి, ఆవిడ ఎదురుగా నేల మీదే చతికిలబడింది. ఓదార్పు మాటలు ఆమెకి ఎప్పుడూ రావు. నోటికి వచ్చింది చెప్పింది.

"నేను ఒకసారి నిండు బస్సుని తిన్నగా డిపోలో బస్సులు కడిగేచోటికి తోలేశాను అత్తయ్యా. నలభై మంది. మలుపు దగ్గర తిరగాలని గుర్తే లేదు. వెనకనుంచి ఒకావిడ, 'అమ్మా, మమ్మల్ని కూడా కడుగుతారా?' అని అడిగితే అప్పుడు తెలివొచ్చింది."

అత్తగారు కళ్లొత్తుకోబోయి నవ్వేసింది. నవ్వు ఆగక, చెయ్యి చాచి కోడలి భుజం పట్టుకుంది. వీళ్లిద్దరూ ఇలా తాకేంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"మరి గౌను పొట్టిదైతే ఏం చేస్తారు మీరు?" అని అడిగింది కోడలు.

"అంచు వేస్తాం."

అని, తనే ఆగి, తెగిపడిన ముక్క వైపు చూసింది. నాలుగు వేళ్ల వెడల్పున ఆ చివరనుంచి ఈ చివరదాకా ఉంది. అదీ ఆకుపచ్చదే.

గోడవైపు ఎక్కువైంది కోసేసి, పలక పైఅంచు సమం చేశారు. కింద ఆ ముక్కని పట్టీలా ముందునుంచి అడ్డంగా బిగిస్తే సందు కనపడలేదు. జిగురుతో అతికించేద్దామని కోడలంటే అత్తగారు ఒప్పుకోలేదు. "రేపు గొట్టం కారితే విప్పుకోవద్దూ? కుట్టేయకు, గుండీలు పెట్టు." అలాగే, పాత పలక బిగించిన లోపలి చెక్క చట్రం ఇంకా ఉంటే దానికే నాలుగు స్క్రూలతో బిగించి, వాటిమీద తెల్లటి మూతలు పెట్టారు. నిజంగానే గుండీల్లా ఉన్నాయి. చూసేవాళ్లెవరైనా ఆ అంచు కావాలని వేయించిందే అనుకుంటారు.

సాయంత్రం అత్తగారు టబ్బులో దిగింది. తలుపు బయట కోడలు కాపలా. చాలాసేపు చప్పుడే లేకపోయేసరికి కంగారుపడి, "అత్తయ్యా, బాగానే ఉన్నారా?" అంది.

"ఏడు నెలలు వృథా చేశానే" అని లోపలినుంచి సమాధానం వచ్చింది.

"బయటికొచ్చాక ఒక మాట. రేపు మధ్యాహ్నం డ్యూటీ దిగగానే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం."

నీళ్లు కదిలిన చప్పుడైంది. "మావాడికి చెప్పకు."

"చెప్పను. మీకు చెప్పాలనిపించినప్పుడు మీరే చెప్పండి."

డాక్టరు చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని, తీసేస్తే సూదిలో దారం మళ్లీ తనే ఎక్కించుకోవచ్చని అన్నాడు. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే, ఆవిడ కోడలి వైపు చూసి, "తీసుకొచ్చే మనిషి ఇప్పుడు దొరికింది" అంది.

వారం చివర కొడుకు ఊరినుంచి వచ్చాడు. సంచి పడేసి తిన్నగా స్నానానికి వెళ్లాడు. అత్తాకోడళ్లు వంటింట్లో చెవులు రిక్కించి కూర్చున్నారు. అరగంటకి తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"సబ్బు మార్చారా? గది ఏదో కొత్తగా ఉంది" అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారు ముందు నవ్వింది. కోడలు ఆవిడ భుజంలో మొహం దాచుకుంది. ఏమైందో తెలియక అతను తువ్వాలుతో అలాగే నిలబడ్డాడు.